గాలినిచ్చెన ఎందుకు మాట్లాడడు

కామిక్ పుస్తకాల్లోంచి తీసిన సినిమాలంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. పుస్తకంలో హీరో ఏ పాతగుడ్డతోనో ముసుగు కుట్టుకుంటాడు, సినిమాలో వాడి ఒంటికి రబ్బరు కండలు మొలుస్తాయి. పుస్తకంలో మేడమీంచి దూకేముందు వాడి కాళ్ళు వణుకుతాయి, సినిమాలో వర్షంలో తడుస్తూ, వెనకాల యాభై వయొలిన్లు మోగుతుంటే తీరిగ్గా దిగివస్తాడు. అయినా మానను. టికెట్ కొనుక్కుని వెళ్ళి, ఇంటికొచ్చేదాకా దారిపొడుగునా తిట్టుకుంటాను. మా ఆయన నాతో సినిమాలకు రావడం మానేసింది ఇందుకే.

అలాంటిది 'గాలినిచ్చెన'ను సినిమాగా తీస్తున్నారని పేపర్లో చదివినరోజు నేను ఇద్దరి అద్దాలు పాడుచేశాను. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో అమర్చడం నా పని. చెయ్యి వణికితే అద్దం అంచు పెచ్చులూడుతుంది. ఆరోజు రెండుసార్లు ఊడింది. షాపు యజమానురాలు ఏమైందని అడిగితే, "మా పెద్దమ్మ హీరోని తీసుకెళ్ళి సినిమావాళ్ళ చేతిలో పెట్టారండీ" అన్నాను. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

గాలినిచ్చెన ఎవరో తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. పగలు ఎత్తయిన మేడలకు కిటికీ అద్దాలు తుడిచే మనిషి. ఎవరైనా ఆపదలో ఉంటే, కంటికి కనపడని నిచ్చెన ఒకటి గాలిలో ఉన్నట్టు, ఒక్కో మెట్టే ఎక్కిపోతాడు. ఎగరలేడు. దిగేటప్పుడూ ఒక్కో మెట్టే. ఆయాసపడతాడు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటాడు. ముసుగు అద్దాలు తుడిచే పసుపుపచ్చ గుడ్డే. వారానికో పుస్తకం చొప్పున ఇరవయ్యారేళ్ళు వచ్చింది. అన్నిటికంటే పేరుపడ్డది మాత్రం ఒకటే విషయం. కాపాడినవాళ్ళు థాంక్స్ చెబితే గాలినిచ్చెన బదులు పలకడు. బొమ్మలో అతని నోటి దగ్గర మాటల బుడగ గీసి ఉంటుంది, అందులో ఒక్క అక్షరం ఉండదు.

ఆ ఖాళీ బుడగ గురించి జనం రాసినంత మరి దేని గురించీ రాయలేదేమో. వినయమన్నారు, వైరాగ్యమన్నారు, మాటలకందని కరుణ అన్నారు. నేనేమన్నా తక్కువ తిన్నానా? ఇరవయ్యేళ్ళ వయసులో అభిమానుల పత్రికకు నాలుగు పేజీల వ్యాసం రాశాను. పేరు 'మౌనమే మహాబలం'. ఇప్పుడు తలుచుకుంటే చెవులు ఎర్రబడతాయి.

ఆ పుస్తకాల్లో మిగతా బుడగల్లో ఉన్న అక్షరాలన్నీ మా పెద్దమ్మ చేత్తో రాసినవే.

ఇరవయ్యేళ్ళకే పెద్దమ్మ ఆ పుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో చేరింది. తాతయ్య పని పోయి ఇంట్లో కూర్చున్న రోజులవి. మా అమ్మ అప్పటికి బడిపిల్ల. ఇల్లు పెద్దమ్మ జీతంమీదే నడిచేది. కథ రాసి బొమ్మలు గీసేది ఒక్కరే. అంతకుముందు బడిలో డ్రాయింగు చెప్పారు కాబట్టి అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు. ఆయన మందపాటి అట్టమీద సిరాతో బొమ్మలు గీసి, బుడగలు ఖాళీగా వదిలి, మాటలు వేరే కాగితంమీద రాసి పంపేవారు. పెద్దమ్మ ఆ మాటల్ని పల్చటి తెల్లకాగితంమీద సన్నపాళీతో రాసి, కత్తెరతో బుడగకు సరిపడా కత్తిరించి, రబ్బరు జిగురుతో అట్టమీద అంటించేది. అలా పూర్తయిన అట్టను కెమెరా గదిలో ఫోటో తీసి, ప్లేటు చేసి అచ్చుకు పంపేవారు.

వినడానికి చిన్నపనిలాగే ఉంటుంది. కానీ కోపంగా ఉన్నవాడి మాటను కాస్త లావుగా రాయాలి, వణుకుతున్నవాడి మాటలో గీత కొంచెం వణకాలి, గుసగుసని చిన్నగా రాసి చుట్టూ చోటు వదలాలి. చోటు చాలకపోతే అక్షరాన్ని ఇరికించకూడదు, మాస్టారి దగ్గరికి వెళ్ళి ఒక మాట తగ్గించమని అడగాలి. ఆమె రాసే అక్షరాలు చక్రాల్లా గుండ్రంగా ఉంటాయని ప్రెస్సువాళ్ళు ఆమెను గుండ్రాలమ్మాయి అని పిలిచేవారు. ప్రెస్సు మూతపడ్డాక కూడా బళ్ళవాళ్ళు సర్టిఫికెట్లమీద పేర్లు రాయించుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు అరవయ్యొకటి. మా ఇంటి పైగదిలో ఉంటుంది. బల్ల ఇప్పటికీ కిటికీకి కుడిపక్కనే వేసుకుంటుంది, వెలుగు ఎడమనుంచి పడితే చేతినీడ రాతమీద పడదని.

సినిమా దర్శకుడు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పైగదికే వచ్చాడు. గడ్డం, సంచి, నిద్ర చాలని కళ్ళు. మాస్టారు పోయి పదకొండేళ్ళయింది. ప్రెస్సు యజమాని అంతకుముందే పోయాడు. గాలినిచ్చెన పుట్టుక చూసినవాళ్ళలో మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. నేను టీ పట్టుకెళ్ళి, కప్పు అందించి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. సినిమావాడిని నాలుగు దులపాలని నాకు ఉబలాటంగా ఉంది.

అతను బుద్ధిగానే కూర్చున్నాడు. పాత పుస్తకాలు చూశాడు, పాళీలు చూశాడు. చివరికి అసలు విషయానికి వచ్చాడు.

"అమ్మా, ఒక చిక్కొచ్చి పడింది. థాంక్స్ చెబితే హీరో మాట్లాడకపోవడం ఉంది కదా, అది సినిమాలో కుదరట్లేదు. పుస్తకంలో ఖాళీ బుడగ ఉంటుంది, చదివేవాడు దాన్ని చూసి ఆగుతాడు. తెరమీద బుడగ ఉండదు కదా. మా నటుడు నోరు తెరిచి మూస్తుంటే డైలాగ్ మర్చిపోయినట్టుంది. పదిహేడుసార్లు తీశాం. అసలు ఆయన ఎందుకు మాట్లాడడో తెలిస్తే, నటుడికి చెప్పుకుంటాను."

"అది నేను చెబుతా," అన్నాను. నాలుగు పేజీల వ్యాసం నాలుక చివర ఉంది.

"నువ్వుండవే," అంది పెద్దమ్మ.

బల్లమీద పాళీలన్నీ సర్దింది, చెరిపి మళ్ళీ సర్దింది. టీ చల్లారిపోయింది. ఆమె ముఖం చూస్తే నాకు భయమేసింది. అంతకుముందు ఎప్పుడూ ఆమెని అంత ఇబ్బందిలో చూడలేదు.

"బాబూ, నీకు చెబుతాను. కానీ రెండు మాటలివ్వాలి. ఇది బయట ఎక్కడా చెప్పకూడదు. ముఖ్యంగా మాస్టారి ఇంట్లో అమ్మగారికి తెలియకూడదు. ఆవిడ భర్త గురించి గొప్పగా వింటున్న మాట ఇదొక్కటే మిగిలింది. నా మూలంగా అది పోకూడదు."

అతను సరేనన్నాడు. పెద్దమ్మ చెప్పింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. వానలు పట్టుకున్న వారం. రబ్బరు జిగురును కాగితానికీ అట్టకీ రెండింటికీ రాసి, రెండూ ఆరాకే అంటించాలి. తడిమీద అంటిస్తే కాసేపు పట్టుకున్నట్టే ఉండి ఊడిపోతుంది. ఆ వారం గాలంతా చెమ్మే, జిగురు ఎంతకీ ఆరదు, కెమెరా గదినుంచి ఒకటే కేకలు. చివరి పేజీ అట్టమీద చివరి ముక్కను ఆమె ఆరకుండానే అంటించింది. అచ్చుకు పంపేముందు అంటించిన ముక్కలు లెక్కపెట్టడం అక్కడి పద్ధతి. లెక్కపెట్టింది, సరిపోయాయి. అట్టను చేతులమీద మోసుకెళ్ళి కెమెరా గదిలో ఇచ్చింది. సాయంత్రం ఇంటికెళ్ళి స్వెటర్ విప్పితే, మోచేతి దగ్గర ఆ ముక్క అంటుకుని ఉంది.

దానిమీద ఉన్న మాటలు ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఇందులో నా గొప్పేముంది తాతా! ఇది నా బాధ్యత! మంచివాళ్ళకు ఎప్పుడూ మంచే జరుగుతుంది!"

అప్పటికే నలభైవేల కాపీలు అచ్చయి లారీలెక్కాయి. ఆమె ఆ ముక్కను గుప్పిట్లో పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చుంది. అంతకుముందు సంవత్సరం ప్లేటు తలకిందులుగా బిగించిన మనిషిని యజమాని ఆ పూటే బయటికి పంపేశాడు. తన ఉద్యోగం కూడా పోయినట్టేననుకుంది. తను పనిలోంచి పోతే ఇల్లెట్లా గడుస్తుంది, చెల్లెలు బడికెట్లా వెళ్తుంది అన్నదొకటే ఆలోచన.

పొద్దున వెళ్ళేసరికి యజమాని పుస్తకం పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"ఇదేంటి? తాత దండం పెట్టి థాంక్స్ చెబుతున్నాడు. మన హీరో నోటి దగ్గర ఇంత బుడగుంది. అందులో ఏముంది? గాలా? ఎవరు చేశారిది?"

పెద్దమ్మ గుప్పిట విప్పింది. నేనేనండీ అనబోయింది. పక్కనే ఉన్న మాస్టారు ఆమె అరచేతిలో ముక్కను చూశారు. చటుక్కున తీసుకుని నలిపి జేబులో వేసుకున్నారు.

"నేనే తీసెయ్యమన్నాను," అన్నారు యజమానితో. "ఆ అమ్మాయి అంటించింది. నేనే కెమెరా గదిలో పీకించాను. మనిషిని కాపాడి వచ్చినవాడు ఆయాసంలో ఉంటాడు, ఉపన్యాసమిస్తాడా?"

"మరి బుడగెందుకు గీశావయ్యా?"

"మాట్లాడబోయి మానేశాడు. అదీ గీయొద్దా?"

యజమాని కాసేపు బుడగనీ మాస్టారినీ మార్చి మార్చి చూసి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మాస్టారు వచ్చేవారం మాటల కాగితం పెద్దమ్మ బల్లమీద పెట్టి, "జిగురు ఆరాలమ్మా" అని మాత్రం అన్నారు. ఆమె థాంక్స్ చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ తరవాత ఎప్పుడు ఆ సంగతి ఎత్తబోయినా ఆయన సిరా అయిపోయిందనో కుంచె విరిగిందనో లేచిపోయేవారు. వారం తిరిగేసరికి పాఠకుల ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చాయి. గాలినిచ్చెన ఏం చెప్పబోయాడో ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. మరుసటి వారంనుంచి మాస్టారే కావాలని ఆ బుడగను ఖాళీగా వదలడం మొదలుపెట్టారు.

"ఇంతే బాబూ," అంది పెద్దమ్మ. "జిగురు ఆరలేదు. వినయమూ కాదు, వేదాంతమూ కాదు. నీ నటుడికి ఏం చెప్పుకుంటావో మరి."

నా నాలుగు పేజీలు, ఆ పేరు, అభిమానుల సభలో దాన్ని చదివినప్పటి చప్పట్లు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇన్నాళ్ళూ నేను మహాబలమంటూ మోసింది ఊడిపోయిన కాగితం ముక్కనన్నమాట. దర్శకుడు మాత్రం నవ్వలేదు. మాస్టారు యజమానితో అన్న మాటలు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. విని, పెద్దమ్మ కాళ్ళవైపు వంగబోయి, మొహమాటపడి ఆగి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఎందుకు చెప్పావు పెద్దమ్మా?" అని నేను మండిపడ్డాను. "ఏదో ఒకటి అల్లి చెప్తే పోయేది కదా! నీకు చేతకాకపోతే నేను లేనూ?"

"పనిలో ఇబ్బందొచ్చి అడిగాడే ఆ అబ్బాయి. సరదాకి అడగలేదు. పని చేసుకునేవాళ్ళకి అబద్ధం చెబితే వాళ్ళ పని చెడుతుంది," అంది. అని మళ్ళీ తనే, "మాస్టారి పేరు చెడగొట్టానేమోనే" అంది. ఆ మాటకు నా కోపమంతా ఎగిరిపోయింది.

అప్పటినుంచి సినిమా వచ్చేదాకా ఎనిమిది నెలలు ఆమెకి మనసు మనసులో లేదు. ప్రతి శనివారం మాస్టారి భార్యను చూడటానికి వెళ్తుంది. మేమంతా ఆవిడను అమ్మగారు అంటాం. ఎనభై దగ్గరపడ్డాయి, చూపు బాగా తగ్గింది. నేనే ఆవిడకు మూడుసార్లు అద్దాలు మార్చి ఇచ్చాను, ఇక అద్దాలతో అయ్యేపని కాదు. పెద్దమ్మ వెళ్ళి ఆవిడకు పేపరు చదివి వినిపిస్తుంది, గోళ్ళు తీస్తుంది, అరటిపళ్ళు ఒలిచి పెడుతుంది. పదకొండేళ్ళుగా ఒక్క శనివారం మానలేదు. ఆవిడ మాటలో చురుకు మాత్రం తగ్గలేదు. పేపర్లో మాస్టారి గురించి వస్తే, "ఖాళీ బుడగ దగ్గరికి రా, ముందు అది చదువు" అనేది. పెద్దమ్మ గొంతు సవరించుకుని, అందులో ఉన్న పొగడ్తలన్నీ చదివేది. ఆ చదివిన రోజుల్లో ఇంటికొచ్చాక అన్నం సరిగ్గా తినేది కాదు.

ఇంతలో సినిమా చిన్న ముక్కొకటి బయటికి వదిలారు. అందులో గాలినిచ్చెన ఒక ముసలాయన్ని మేడ అంచునుంచి దింపాడు. ముసలాయన థాంక్స్ అన్నాడు. గాలినిచ్చెన రొప్పుతూ, "పర్లేదు తాతా, మెల్లగా నడువు" అన్నాడు.

మాట్లాడాడు!

అభిమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. కామిక్‌ ఆత్మను చంపేశారన్నారు. నేనూ వాళ్ళ తిట్లకు నాలుగు జోడించాను. పెద్దమ్మ మాత్రం ఆ ముక్కను మూడుసార్లు చూసి, ఫోను నాకు తిరిగి ఇచ్చేసింది.

"నావల్లే," అంది. "పొరపాటున వచ్చిందని తెలిసింది కదా, ఇంకెందుకు ఉంచుతాడు? అది ఉన్నన్నాళ్ళూ మాస్టారు నాకు చేసిన మేలు కూడా ఉన్నట్టే ఉండేది. ఎవరికీ తెలియకపోయినా, ఉండేది."

ఆమె అడిగిందల్లా అంతే. తన పేరు రావాలని ఏనాడూ అనుకోలేదు. తన పొరపాటును కప్పిన ఆ పెద్దమనిషి మంచితనానికి గుర్తుగా లోకంలో ఒక తెల్లటి ఖాళీ ఉంది, అది చెరిగిపోకూడదనుకుంది. నాకు ఆ రోజు ఆమెను ఎలా ఓదార్చాలో తెలియలేదు. దర్శకుణ్ణి తిడదామంటే, తిట్టి తిట్టి నాకూ విసుగొచ్చింది.

విడుదలకు ముందురోజు ఉదయం ఒక ప్రత్యేక ప్రదర్శన వేశారు. అమ్మగారికీ పెద్దమ్మకూ పిలుపొచ్చింది. ఇద్దరినీ పట్టుకుని నడిపించడానికి నేను. అమ్మగారిని మధ్యలో కూర్చోబెట్టాం. చూపు ఆనని ఆవిడకు ఒకవైపునుంచి నేను, ఒకవైపునుంచి పెద్దమ్మ తెరమీద జరిగేది చెవిలో చెప్పాలని ఏర్పాటు.

ముసుగు పసుపుపచ్చ గుడ్డే. రబ్బరు కండలు లేవు. ఒక్కో మెట్టే ఎక్కుతున్నాడు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. నేను నా మొండితనాన్ని కొంచెం సడలించాను. తాతతో మాట్లాడే చోటు రాగానే మళ్ళీ బిగుసుకుపోయాను. పెద్దమ్మ ఆ మాటలు అమ్మగారికి చెప్పనేలేదు, నేనే చెప్పాల్సొచ్చింది.

ఆ తరవాత ఒక సన్నివేశం వచ్చింది. అది ఏ పుస్తకంలోనూ లేదు. పదమూడు వందల పైచిలుకు పుస్తకాలు చదివినదాన్ని, లేదంటే లేదు.

ఒక పెద్ద మేడ. లిఫ్టులన్నిటినీ నడిపించే గది. అందులో ఇరవై దాటని ఒక అమ్మాయి కంగారులో తప్పు మీట నొక్కింది. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఇరుక్కున్న పెద్దమనుషులు బయటపడ్డాక మేనేజరు ఆ గదిలోకి ఊడిపడి, "ఎవరు చేశారిది?" అని అరిచాడు. ఆ అమ్మాయి పెదవులు కదిలాయి. మాట రాలేదు. అప్పుడు కిటికీ బయట తాడుకు వేలాడుతూ అద్దాలు తుడుస్తున్న మనిషి, ముసుగు లేదు, నిచ్చెన లేదు, లోపలికి తల పెట్టాడు.

"నేనే ఆపమన్నానండీ. నా తాడు చిక్కుకుంది, లిఫ్టు కదిలితే తెగేది. ఆ అమ్మాయి నేను చెప్పిందే చేసింది."

తాడు చిక్కుకోలేదని మనకు తెలుసు. మేనేజరు వాడిని నానా మాటలూ అన్నాడు. వాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు. మేనేజరు వెళ్ళిపోయాక అమ్మాయి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వాడు అప్పటికే నీళ్ళబకెట్టుతో పై అంతస్తుకు వెళ్ళిపోయాడు. అద్దంమీద నీటిచుక్కలు కారుతున్నాయి, అంతే.

నేను తెరవైపు నోరు తెరుచుకుని చూస్తున్నాను. పక్కకు తిరిగితే పెద్దమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి.

ఒప్పుకుంటున్నాను. అంతవరకూ నేను సినిమాలను కొలిచిన కొలబద్ద తప్పు. ముసుగు రంగు సరిపోయిందా, మాట మాటకు సరిపోయిందా అని అద్దాల నంబరు చూసినట్టు చూసేదాన్ని. ఈ కుర్రాడు ఖాళీ బుడగను వదిలేశాడు, ఆ బుడగ ఎక్కడినుంచి పుట్టిందో ఆ మంచితనాన్ని తీసుకొచ్చి తెరమీద పెట్టాడు. మాటిచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే మొత్తం చెప్పేశాడు. బయటికి వెళ్తుంటే ఇద్దరు అభిమానులు మౌనం పోయిందని వాదించుకోవడం వినపడింది. జీవితంలో మొదటిసారి ఒక సినిమా తరపున నేను పోట్లాటకు దిగాలనుకున్నాను. దిగితే గుట్టు రట్టవుతుందని నోరు నొక్కుకున్నాను.

కానీ అది తరవాత. సినిమా అయిపోయి దీపాలు వెలిగినప్పుడు అమ్మగారు లేవలేదు.

"ఏమర్రా, లిఫ్టు గదిలో ఏం జరిగింది? మాటలు వినపడ్డాయి, మీరిద్దరూ ఏం చెప్పలేదు. ఒకామె ఏడుస్తోంది, ఒకామె ఊపిరి బిగబట్టింది," అంది ఆవిడ.

నేను జరిగింది చెప్పాను. ఆవిడ వింటూ తల ఊపింది. పెద్దమ్మ ఇక ఆగలేకపోయింది.

"అమ్మగారూ, ఆ అమ్మాయిని నేనేనండీ. ఖాళీ బుడగ మాస్టారి ఆలోచన కాదు. నేను జిగురు ఆరకుండా అంటించాను, ఊడిపోయింది. నా ఉద్యోగం పోకూడదని ఆయన తనమీద వేసుకున్నారు. ఇన్నేళ్ళూ మీకు చెప్పలేకపోయాను. ఆయన గొప్ప తగ్గుతుందని భయపడ్డాను. నన్ను క్షమించండి."

"తెలుసు," అంది అమ్మగారు.

"ఏంటండీ?"

"ఆరోజు ఇంటికొస్తూనే చెప్పారు. చెప్పులు కూడా విప్పలేదు. 'ఏడాదిపైగా వీడు ఎవణ్ణి కాపాడినా ఉపన్యాసం దంచుతున్నాడు, వీడి నోరెలా మూయించాలో తెలీక చస్తున్నా, మన గుండ్రాలమ్మాయి మూయించింది' అని ఒకటే సంబరం. ఆ అమ్మాయే లేకపోతే నా కథ ఏడాదిలో మూలపడేది అన్నారు. ఒకసారి కాదు, పోయేముందు ఆస్పత్రిలో కూడా అన్నారు."

పెద్దమ్మ కూర్చున్నచోటే ఆవిడవైపు పూర్తిగా తిరిగింది.

"నీకు చెప్పొద్దన్నారు. చెబితే పనిమీద భయం పోయి ఇంకెన్ని ముక్కలు ఊడగొడుతుందో అని," అంటూ అమ్మగారు నవ్వింది. "నువ్వే చెబుతావని పదకొండేళ్ళు చూశాను. శనివారం శనివారం వచ్చి అరటిపళ్ళు ఒలుస్తావు గానీ నోరు విప్పవు. చివరికి సినిమా తీయాల్సొచ్చింది."

"నేను ఆయనకి ఒక్కసారైనా థాంక్స్ చెప్పలేదండీ. చెప్పనివ్వలేదు."

"మరి ఆయన మాత్రం నీకు చెప్పారా? చెల్లుకు చెల్లు. కళ్ళు తుడుచుకో, జనం చూస్తారు."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ వేళ్ళమీద తల ఆనించి, చిన్నపిల్లలా ఏడ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా తప్పు చేశాననుకున్న మనిషి, తను కూడా ఒకరికి మేలు చేశానని అప్పుడు తెలుసుకుంది. నాకూ కళ్ళు ఆగలేదు. ఆ ఉద్యోగం నిలబడబట్టే మా అమ్మ చదువు ఆగలేదు, నర్సయింది, నేనూ ఇలా ఉన్నాను. నేను వాళ్ళిద్దరి ముందూ మోకాళ్ళమీద కూర్చుని, హాలంతా వినపడేలా థాంక్స్ చెప్పాను. ఆ మాట ఎవరో ఒకరు పైకి అనాలి కదా.